మోరిస్‌విల్ ఫోను తీగ మీద తెలుగు పద్యం

ఈ కథ ఫోను బిల్లుతో మొదలుపెట్టాలి. 1997లో మేము నార్త్ కరొలైనా రాష్ట్రంలోని మోరిస్‌విల్ వచ్చేనాటికి ఇక్కణ్ణుంచి ఇండియాకి ఫోను చేయడమంటే నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడటమే. తెనాలి మారిస్‌పేటలో మా అమ్మ ఫోనెత్తి "ఏం వండుకున్నావే" అని అడిగేసరికే నా చూపు గడియారం మీద ఉండేది. ఉత్తరం రాస్తే చేరడానికి రెండు వారాలు, జవాబుకి ఇంకో రెండు వారాలు. అదే ఫోను తీగ మీద ఊళ్లోని నంబరుకి చేసుకుంటే మాత్రం గంటల తరబడి మాట్లాడినా విడిగా కట్టేది ఏమీ ఉండేది కాదు, అంతా నెల అద్దెలోనే. అమెరికాలో ఇంటర్నెట్ అంత తొందరగా మామూలు ఇళ్లలోకి రావడానికి పెద్ద కారణాల్లో ఇదొకటని నా నమ్మకం. మన దగ్గర లోకల్ కాల్‌కి కూడా మీటరు తిరిగేది. ఇక్కడ తిరగలేదు.

అప్పటి మోరిస్‌విల్ చాలా చిన్న ఊరు. 1852లో జెరిమయా మోరిస్ అనే ఆయన నార్త్ కరొలైనా రైల్‌రోడ్డుకి స్టేషను కోసం స్థలమిస్తే, దాని చుట్టూ పుట్టిన పల్లె ఇది. 2000 జనాభా లెక్కల్లో 5,208 మంది. 2020 లెక్కల్లో 29,630. వాళ్లలో సగానికి కాస్త తక్కువమంది ఆసియా దేశాల మూలాలున్నవాళ్లే. ఇంత పెరగడానికి కారణం ఆనుకుని ఉన్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్. 1959లో పెట్టిన ఆ పార్కులోకి 1965లో ఐబీఎం వచ్చింది, తర్వాత టెలిఫోను పరికరాలు చేసే నోర్టెల్ వంటి కంపెనీలు వచ్చాయి. మా వారు వైటూకే పనుల మీద, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పనుల మీద, ఆ పార్కుకే వచ్చారు. ఉన్న ఒక్క కారూ ఉదయం ఆయనతోపాటే వెళ్లిపోయేది. నేను నాగార్జున విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చేసినదాన్ని. నా వీసా మీద అప్పట్లో ఉద్యోగం చేయకూడదు. ఏవియేషన్ పార్క్‌వే మీద హిందూ భవన్ ఉందిగానీ కారు లేకుండా అక్కడికి వెళ్లేదెలా? దేవదారు చెట్ల మధ్య అపార్ట్‌మెంటు, పైన విమానాలు, వంటగది గోడకి ఫోను. బయటి ప్రపంచంతో నాకున్న దారి ఆ గోడలోంచే.

మా వారి ఆఫీసులో ఒకాయన కొత్తది కొనుక్కుంటూ తన పాత కంప్యూటర్ మాకు చవగ్గా ఇచ్చాడు. అందులో కంప్యూటర్‌ని ఫోను తీగకి కలిపే 33.6 కె మోడెమ్ ఉండేది. ఇక ఎవరి దగ్గర కనెక్షను తీసుకోవాలన్నదే ప్రశ్న. సంచుల కొద్దీ అమెరికా ఆన్‌లైన్ సీడీలు వచ్చిపడేవి, ఉత్తరాల్లో, పత్రికల మధ్యలో, కిరాణా కొట్టు కౌంటర్ మీద. 1996 డిసెంబరు 1న ఆ కంపెనీ గంటల లెక్క మానేసి నెలకు 19.95 డాలర్లు ఒకటే రేటు పెట్టింది. అంతకు ముందు 9.95కి ఐదు గంటలు, ఆపైన గంటకు 2.95. రేటు మారిన వెంటనే దేశమంతా ఒకేసారి ఫోన్లు తిప్పడంతో లైన్లు చాలలేదు. రాష్ట్రాల అటార్నీ జనరళ్లు కలగజేసుకుంటే చందాదార్లకు డబ్బు వెనక్కివ్వడానికి కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఏటీ అండ్ టీ వాళ్లు 1996లో వరల్డ్‌నెట్ మొదలుపెట్టి, తమ దూరపు కాల్స్ వాడేవాళ్లకి ఏడాది పాటు నెలకు ఐదు గంటలు ఉచితం అన్నారు. 1994లో చార్ల్స్ బ్రూవర్ పెట్టిన అట్లాంటా కంపెనీ మైండ్‌స్ప్రింగ్ అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మంచి పేరుండేది. అది 2000లో ఎర్త్‌లింక్‌లో కలిసిపోయింది.

ఏ కంపెనీ అయినా చేరగానే ఒక నంబర్ల పట్టిక ఇచ్చేవాళ్లు. ఈ పట్టికే అన్నింటికన్నా ముఖ్యం. మోడెమ్ ఏ నంబరుకి ఫోను చేయాలో అందులోంచి మనమే ఎంచుకోవాలి. ఏరియా కోడ్ 919 అని చూసి ఇది మన ఊరి నంబరే అనుకోవడం పొరపాటు. ఒకే కోడ్‌లో ఉన్నా కొన్ని దూరపు కాల్స్ కిందే లెక్క. పక్క కౌంటీలో ఉండే మా స్నేహితురాలు అలాంటి నంబరు ఒకటి పెట్టుకుని నెలంతా వాడింది. ఇంటి అద్దెలో సగమంత బిల్లు వచ్చింది. పట్టిక ఇచ్చినవాళ్లు మీరే చూసుకోవాలి అన్నారు, ఫోను కంపెనీ కాల్ చేశారు కాబట్టి కట్టాలి అంది. అప్పట్నుంచి కొత్తగా వచ్చిన ప్రతి తెలుగు జంటకీ ఇల్లు వెతికిపెట్టడంతోపాటు ఏ నంబరు ఎంచుకోవాలో చెప్పడం కూడా మాకు అలవాటైంది. "వదినా, ముందు ఆ నంబరు గురించి మామూలు ఫోనుతో ఆపరేటర్ని అడుగు. లోకల్ అంటేనే పెట్టు," అని ఎంతమందికి చెప్పానో.

మోడెమ్ కూత అందరికీ గుర్తే. ఆ కూత ఎందుకో మాత్రం మా వారి స్నేహితుడు, నోర్టెల్‌లో పనిచేసే ఆయన, ఒక ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడు. అవతలి మోడెమ్ ఎత్తగానే 2,100 హెర్ట్జ్ స్వరం ఒకటి పాడుతుంది. మన మాట మనకే ప్రతిధ్వనించకుండా ఫోను కంపెనీ లైన్లో పెట్టిన పరికరాలని కాసేపు పక్కకి తప్పుకోమని చెప్పే స్వరం అది. ఆ తర్వాతి రొద అంతా ఈ తీగ ఎంత బాగుంది, ఎంత వేగంగా మాట్లాడుకోవచ్చు అని రెండు మోడెమ్‌లూ బేరమాడుకోవడం. మనిషి గొంతు కోసం తీగలో ఇచ్చిన చోటు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే. అంత ఇరుకులోంచే అంకెలన్నీ దూరాలి. 1998లో 56 కె ప్రమాణం వచ్చాక కూడా అమెరికాలో 53 దాటనిచ్చేవాళ్లు కాదు, తీగ మీద పంపే సిగ్నల్ శక్తికి ప్రభుత్వ సంస్థ పెట్టిన హద్దు వల్ల. మా పాత అపార్ట్‌మెంటు తీగల్లో ఆ కొత్త మోడెమ్‌తోనైనా నలభై దాటితే పండగే.

ఉన్నది ఒకటే లైను. నేను కంప్యూటర్ మీద ఉంటే ఇంటికి ఫోను రాదు. కాల్ వెయిటింగ్ ఉంటే ఇంకా కష్టం, ఎవరైనా చేసిన మరుక్షణం ఆ చిన్న బీప్‌కే కనెక్షను తెగిపోయేది. అందుకే నంబరు ముందు స్టార్ డెబ్భై అని పెట్టేవాళ్లం, ఆ ఒక్క కాల్‌కి కాల్ వెయిటింగ్ ఆగిపోవడానికి. మా వారు మధ్యాహ్నం ఆఫీసు నుంచి చేస్తే అందాలి కదా. కాబట్టి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఫోను కలుపు, కొత్తగా వచ్చినవన్నీ దింపుకో, ఫోను పెట్టెయ్. తర్వాత తీరిగ్గా చదువు, జవాబులు నోట్‌ప్యాడ్‌లో రాసుకో, అన్నం తిన్నాక మళ్లీ కలిపి పంపెయ్. ఇప్పటి పిల్లలకి నెట్‌లో ఉండటం తెలుసు. మేము నెట్‌కి వెళ్లి వచ్చేవాళ్లం.

నేను దింపుకునేదేమిటంటే, ఎక్కువగా సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు అనే న్యూస్‌గ్రూప్. ఒకరు రాసినది అందరూ చదివి జవాబివ్వగల వేదిక. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి అందరూ స్కిట్ అనేవాళ్లు. 1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకునే మన పిల్లలు ఏర్పాటు చేసుకున్న చోటు అది. పద్యాలు, సమస్యాపూరణలు, సినిమా పాటల మీద వాదాలు, గోంగూర ఎక్కడ దొరుకుతుందనే ప్రశ్నలు, చూడలేనంత కులాల కొట్లాటలు, అన్నీ ఉండేవి. నాకు అక్కడ పని దొరికింది. ఎవరో ఒక పద్యం రాసి, ఇందులో యతి సరిపోయిందా అని అడిగేవారు. చదివిన చదువు ఈ దేశంలో ఎవరికీ అక్కర్లేదనుకున్న నన్ను, టెక్సస్‌లోనో మిషిగన్‌లోనో ఉన్న ఇంజినీర్లు గణాలు సరిచూడమని అడుగుతున్నారు! నేను కట్టి చూపించిన యతి చూసి ఓ పెద్దాయన "తల్లీ, మా హైస్కూలు పంతులుగారు గుర్తొచ్చారు" అని రాశాడు. ఆ మాట అచ్చు తీసుకుని వంటగది అలమర తలుపు లోపల అంటించుకున్నాను.

తెలుగు అక్షరాలు కంప్యూటర్ తెర మీద కనపడే రోజులు కావవి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాన్నే ఆర్‌టీఎస్ అనేవాళ్లం. చిన్నబడి ‘టి’ కొడితే త, పెద్దబడి ‘టి’ కొడితే ట. చిన్న ‘ఎన్’ న, పెద్ద ‘ఎన్’ ణ. చిన్న ‘ఎల్’ ల, పెద్దది ళ. అలా రాసినదాన్ని తిరిగి తెలుగు లిపిలోకి మార్చి అచ్చు వేసుకునే ప్రోగ్రామూ వాళ్లే రాశారు. మొదట్లో కళ్లు నొప్పెట్టాయి. నెల తిరిగేసరికి నాకు ఆ లిపిలోనే పద్యం గొంతు వినిపించడం మొదలైంది. ‘ణ’కీ ‘న’కీ తేడా పాటించకపోతే ప్రోగ్రాము తప్పుగా అచ్చు వేస్తుంది కాబట్టి అమెరికాలోని మన పిల్లలు మళ్లీ ణత్వం నేర్చుకున్నారు. అచ్చంగా చెబుతున్నాను, మన ఊళ్లో ఏ టీచరూ సాధించలేని పని అది.

ఇప్పుడు నేను ఎక్కువగా చెప్పాలనుకున్న సంగతి. ఈ న్యూస్‌గ్రూపులన్నిటికీ ఆధారమైన యూజ్‌నెట్ పుట్టింది ఎక్కడో కాదు, మా ఇంటికి కారులో అరగంట దూరంలో. 1979 చివర్లో డర్హమ్‌లోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ ఈ ఆలోచన చేశారు. చాపెల్ హిల్‌లోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో చదువుతున్న స్టీవ్ బెలోవిన్ దానికి మొదటి ప్రోగ్రాము రాశాడు. పెద్ద విశ్వవిద్యాలయాలకీ, రక్షణ శాఖ పనులు చేసేవాళ్లకీ అప్పటికే ఇంటర్నెట్‌కి ముందుతరమైన ఆర్పానెట్ ఉంది. వీళ్లకి లేదు. కాబట్టి వీళ్లు టెలిఫోనునే నమ్ముకున్నారు. డ్యూక్‌లోని యంత్రం చాపెల్ హిల్‌లోని యంత్రానికి ఫోను చేసి, కొత్తవి ఇచ్చి పుచ్చుకుని, పెట్టేస్తుంది. దూరపు ఊళ్లయితే రేట్లు తగ్గే రాత్రివేళ చేస్తుంది. ఒక యంత్రం నుంచి ఇంకోదానికి, అక్కణ్ణుంచి మరోదానికి, అలా మాట దేశమంతా పాకుతుంది. అప్పటి మోడెమ్ వేగం 300 బాడ్, అంటే సెకనుకి సుమారు 30 అక్షరాలు.

ఇది చదివినప్పుడు నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకి 80. ఆర్‌టీఎస్‌లో రాస్తే ఇంగ్లీషు అక్షరాలు రెండు వందల పైచిలుకు. ఆ 1980 నాటి మోడెమ్ మీద కూడా ఎనిమిది సెకన్లు పట్టదు. అదే ఘంటసాల పాట ఒకటి, ఐదు మెగాబైట్లది, 1998లో మా మోడెమ్ మీద దింపుకోవాలంటే ఇరవై నిమిషాలు, అదీ మధ్యలో తెగకపోతే. బొమ్మ అయితే పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. ఆ తీగ మీద మాట ఒక్కటే తేలిగ్గా నడిచేది. పద్యం అన్నింటికంటే తేలిగ్గా నడిచేది. ఇంజినీర్లూ డాక్టర్లూ అయిన మనవాళ్లు ఆ పదేళ్లలో అంత రాయడానికీ, అన్ని పద్యాలు కట్టడానికీ, 1998లో ఈమాట లాంటి పత్రిక అమెరికా నుంచి పుట్టడానికీ ఊరి మీద బెంగ ఒక్కటే కారణమని అందరూ చెబుతారు. బెంగ ఎప్పుడూ ఉంది, 1970ల్లో వచ్చినవాళ్లకీ ఉంది. తీగ ఇరుకుగా ఉండటం, అందులో రాత మాత్రమే పట్టడం, ఫోను పెట్టేశాక రాసుకోవడానికి తీరిక దొరకడం కూడా కారణమని నేనంటాను. నా జవాబులు నోట్‌ప్యాడ్‌లో సాయంత్రం దాకా ఉండేవి. పంపే ముందు మళ్లీ చదివేదాన్ని. కోపంతో రాసినవి చాలావరకు అక్కడే చెరిపేశాను.

అవతలి గట్టు సంగతీ చెప్పాలి. ఇండియాలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకి ఇంటర్నెట్ ఇచ్చింది, మొదట మహానగరాల్లో. ఖాతా వేల రూపాయల్లో ఉండేది, పైగా ఫోను మీటరు వేరు. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకి అనుమతి వచ్చింది. మొట్టమొదట దిగినది సత్యం కంప్యూటర్స్ వాళ్ల సత్యం ఇన్ఫోవే. 1999 అక్టోబరులో నాస్‌డాక్‌కి ఎక్కిన మొదటి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ అది. ఆ రోజు మా అపార్ట్‌మెంట్లలో మనవాళ్లంతా దాని గురించే మాట్లాడుకున్నారు.

తెనాలి దాకా ఆ తీగ రావడానికి ఇంకొంచెం పట్టింది. బోసు రోడ్డులో నెట్ సెంటర్ తెరిచారని తమ్ముడు ఫోనులో చెప్పాడు. నాన్న రిటైరైన బడిపంతులు. ఆయన అక్కడికి వెళ్తాడని నేననుకోలేదు. వెళ్లాడు. హాట్‌మెయిల్‌లో ఖాతా తెరిపించుకుని, నేను ఉత్తరంలో రాసి పంపిన ఆర్‌టీఎస్ పట్టిక జేబులో పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. మొదటిసారి పేజీడు కొట్టాక కరెంటు పోయింది. రెండోసారి లైను తెగింది. అప్పుడు సెంటర్ కుర్రాడు "మాస్టారూ, ముందు నోట్‌ప్యాడ్‌లో కొట్టి ఫ్లాపీలో దాచుకోండి. లైను కలిసినప్పుడు నేను పంపిస్తా" అన్నాడట. మారిస్‌పేటలో నాన్నా, మోరిస్‌విల్‌లో నేనూ, ఒకరికొకరం చెప్పుకోకుండానే ఒకే పద్ధతిలోకి వచ్చాం. డ్యూక్‌లో ఆ కుర్రాళ్లు యంత్రానికి నేర్పినదీ అదే. రాసి ఉంచు, తీగ దొరికినప్పుడు పంపు. నాన్న ఉత్తరాలు అలా ఫ్లాపీల్లో పోగుపడ్డాయి. ‘ళ’ రావలసిన ప్రతిచోటా ఆయన పెద్ద ‘ఎల్’ తప్పకుండా కొట్టేవాడు. పాఠం చెప్పిన చెయ్యి కదా.

ఉచిత కనెక్షన్ల కాలం కొద్దిగానే నడిచింది. డి.ఇ.షా వాళ్ల జూనో 1996లోనే ఉచిత ఈమెయిల్ ఇచ్చింది. మోడెమ్‌తో వాళ్ల నంబరుకి చేసి ఉత్తరాలు దింపుకోవడమే, వెనక ప్రకటనలు మారుతుంటాయి. ఆ జూనోకి హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉండేది. మేము ఇక్కడ వాడే కనెక్షను వెనక మనవాళ్ల పని ఉందని తెలిసి నాకు గర్వంగా అనిపించింది. 1998లో నెట్‌జీరో ఏకంగా ఇంటర్నెట్టే ఉచితం అంది. 2001లో నోర్టెల్‌లో వేలమందిని తీసేసినప్పుడు మా చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో ముందుగా కట్ చేసుకున్నది నెట్ చందానే. ఆ ఇళ్లకి ఉద్యోగాలు వెతుక్కోవడానికి మిగిలినది నెట్‌జీరోనే. అదీ ఆ ఏడాదే నెలకి 40 గంటలని హద్దు పెట్టింది. భర్తకి పని పోయి, వీసా గడువు తరుముతుంటే, ఆ 40 గంటల్లో రెజ్యుమేలు పంపిన ఆడవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో కొందరు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. ఆ ఏడాదే జూనో, నెట్‌జీరో కలిసి యునైటెడ్ ఆన్‌లైన్ అయ్యాయి.

మా ఇంటికి కేబుల్ కనెక్షను వచ్చాక మోడెమ్ అలమరలోకి చేరింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, తెలుగు తెలుగులోనే కనపడింది. ఆర్‌టీఎస్ మాత్రం పోలేదు. ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు కొట్టేవాళ్ల వేళ్లలో అది ఇప్పటికీ ఉంది. 2010 మే 20న డ్యూక్ తన యూజ్‌నెట్ సర్వర్‌ని ఆపేసింది. అమెరికా ఆన్‌లైన్ డయలప్ సేవ 2025 సెప్టెంబరు 30న ఆగింది.

నాకు దిగులుగా ఉన్నది ఆ సర్వర్ల గురించి కాదు, వాటిలోంచి వెళ్లిన రాతల గురించి. యూజ్‌నెట్ తొలి పదేళ్ల రాతలు ఈరోజు చదవగలుగుతున్నామంటే, టొరాంటో విశ్వవిద్యాలయం జువాలజీ విభాగంలో హెన్రీ స్పెన్సర్ అనే ఆయన 1981 నుంచి వాటిని టేపుల మీద దాచిపెట్టడం వల్ల. గూగుల్ 2001లో యూజ్‌నెట్ రాతలు దాచిన డెజా న్యూస్ నిల్వల్ని కొని, ఆ టేపుల్లోవీ కలిపి అందరికీ పెట్టింది. 2024 ఫిబ్రవరిలో కొత్త యూజ్‌నెట్ రాతలు తీసుకోవడం మానేసినా పాతవి ఉంచింది. అందులో స్కిట్ కోసం వెతుకుతుంటాను. నేను చూసిన కొన్ని వాదాలకి మొదలుంది, చివర లేదు. నేను గణాలు కట్టి చూపిన పద్యాల్లో కొన్ని కనపడవు. కానీ మనవాళ్లు కూడా నాలాగే దింపుకుని, ఫోను పెట్టేసి చదువుకున్నవాళ్లు. దింపుకున్నవి వాళ్ల పాత హార్డ్‌డిస్కుల్లో, ఫ్లాపీల్లో ఉండాలి.

మా చుట్టుపక్కల మోరిస్‌విల్, కేరీ ఇళ్ల గరాజుల్లో ఆ పాత కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. 1990ల్లో వచ్చిన తరం ఇప్పుడు రిటైరై, పెద్ద ఇళ్లు అమ్ముకుని చిన్నవాటికి మారుతోంది. సామాను పారేసేది ఇప్పుడే. నా దగ్గర ఫ్లాపీ చదివే యంత్రం ఉంది, మా అబ్బాయి తెచ్చిపెట్టాడు. నాన్న ఉత్తరాలతో మొదలుపెట్టాను, సగం ఫ్లాపీలు చదవగలిగాను. మిగతావి బూజు పట్టాయి. సంక్రాంతికి బొమ్మల కొలువు చూడటానికి వచ్చే ప్రతి ఇంటివాళ్లనీ అడుగుతున్నాను, పాత డిస్కులుంటే తెచ్చివ్వమని. ఇప్పటికి రెండు డబ్బాలు చేరాయి. ఒకదాని మీద పెన్నుతో ‘స్కిట్, 1994’ అని రాసి ఉంది.